మూడో చుక్క

విచారణ మూడింటికి. అప్పటికే పదకొండు దాటింది, మా చేతిలో సాక్ష్యం అంటూ ఏమీ లేదు. అలాంటప్పుడు ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. మా వదిన మాత్రం ఆస్పత్రి స్టోరు రూములో ఒక అట్టపెట్టె మీద కూర్చుని, గోడకున్న ప్లగ్గుల వైపు తదేకంగా చూస్తోంది.

నేను లాయర్ని, ఆవిడ డిటెక్టివ్. అంతకుముందు పదేళ్ళు ఒక చిప్పుల కంపెనీలో పనిచేసింది. యంత్రం లోపలి రహస్యం బయటికి పొక్కకుండా కాపలా కాసే లెక్కలు అప్పట్లో ఆవిడ పని. పొక్కించేవాళ్ళను పట్టుకోవడం ఇప్పటి పని. నేను కోర్టులో గెలిచిన కేసుల్లో చాలా వరకు ఆవిడ తెచ్చిపెట్టినవే. ఓడిపోయినవి నేను సొంతంగా తెచ్చుకున్నవి.

ఈ కేసు ముందురోజు సాయంత్రం ఒక పెద్దావిడ రూపంలో మా ఆఫీసు మెట్లెక్కింది. ఆవిడ కోడలు ఈ ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. కొన్ని వారాల కిందట ఎవరో పేరు చెప్పకుండా ఒక రిపోర్టు పంపారు. మత్తుమందులు దాచే ఫ్రిజ్ చల్లబడటం లేదని, పాడైన మందే రోగులకు ఎక్కిస్తున్నారని అందులో ఉంది. చూస్తే అది అక్షరాలా నిజం. ఆపరేషన్లు ఆపేశారు, సంగతి పేపర్లకెక్కింది, ఆస్పత్రి పరువు బజార్న పడింది. ఫ్రిజ్ బాగుచేయడం కంటే ముందు, పంపిందెవరో కనిపెట్టే పని మొదలైంది. ఇప్పుడు ఈ నర్సు పేరు బయటికొచ్చింది. విచారణలో అదే ఖాయమైతే ఉద్యోగమే కాదు, నర్సుగా ఇంకెక్కడా పనిచేయకుండా లైసెన్సు కూడా రద్దవుతుంది.

"మా కోడలు అబద్ధం చెప్పదు. ఈ విషయంలో నిజమూ చెప్పట్లేదు," అంది ఆ అత్తగారు. "నన్నడగొద్దు అత్తయ్యా అంటుంది. సరే, అడగను. కానీ దాని ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చోను."

ఆ ఆస్పత్రిలో ప్రతి ఉద్యోగికీ ఒక ట్యాబ్లెట్ ఇచ్చారు. ఏ తప్పు చూసినా దాంట్లోంచి పేరు చెప్పకుండా రిపోర్టు పంపొచ్చు. ఆ ఏర్పాటుకు కవచం అని పేరు. పంపింది ఆస్పత్రి మనిషా, బయటి ఆకతాయా అన్నది యంత్రం కనిపెడుతుంది. ఆస్పత్రి మనుషుల్లో ఎవరన్నది మాత్రం దానికి కూడా తెలియదు. పేరు తెలియకుండా మనవాడని ఎలా తెలుస్తుందని పెద్దావిడ అడిగింది. నేనూ అదే అడుగుదామనుకుని, పరువు కోసం ఊరుకున్నాను.

వదిన తన తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"ఒకే తలుపు, రెండు వందల తాళంచెవులు అనుకోండి. ఒక్కో ట్యాబ్లెట్‌లో ఒక చిప్పు, ఆ చిప్పులో దాని సొంత తాళంచెవి. ఏ చెవితోనైనా తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి వచ్చింది ఇంటిమనిషే. తెరిచినప్పుడల్లా తాళం మీద సన్నటి గీత పడుతుంది. ఉత్త గీత చూసి అది ఏ చెవిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. అంతా లెక్కల్లో ఉంది, మనుషుల దయాదాక్షిణ్యాల్లో లేదు."

"మరి మా కోడలి పేరెలా చెప్పారు?"

"నాక్కావలసిందీ అదే," అంది వదిన.

అందుకే ఈ స్టోరు రూము. ట్యాబ్లెట్లు మొదట దిగింది ఇక్కడే. స్టోరుకీపరు ముఖం గంటు పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ గది తన అత్తవారు రాసిచ్చినట్టు మాట్లాడాడు. డైరెక్టరు సంతకంతో ఉన్న అనుమతి కాగితం చూపించమన్నాడు. వదిన నా బ్యాగులో చెయ్యి పెట్టి వెతికింది. అందులో కోర్టు కాగితాలు, ఒక అరటిపండు, కోర్టువాళ్ళిచ్చిన ట్యాబ్లెట్ ఉన్నాయి. ఆ వారం నా నెత్తిన ఇంకో కేసు కూడా ఉంది. ఒక గోడౌను తగలబెట్టించిన పెద్దమనిషి మీద సాక్ష్యం చెప్పడానికి ఎదురు షాపు టైలరు ఒప్పుకున్నాడు. అతని పేరు కోర్టుకు కూడా తెలియదు, అతనికీ అలాంటి ట్యాబ్లెటే ఒకటి ఇచ్చారు, వాటిలోనే మాట్లాడుకుంటాం. అతన్ని వెతికి పట్టుకున్నదీ వదినే.

కాగితం దొరికాక స్టోరుకీపరు కాస్త మెత్తబడ్డాడు. వదిన ఒక్కొక్కటే అడిగింది. ట్యాబ్లెట్లను ఎవరు సిద్ధం చేశారు, ఎక్కడ, ఎంతసేపు. కవచం కంపెనీ యజమాని స్వయంగా ఇద్దరు మనుషులతో వచ్చాడని, ఈ గదిలోనే కూర్చున్నారని, ఒక్క ట్యాబ్లెట్ కూడా తన సంతకం లేకుండా గడప దాటలేదని చెప్పాడు. ఆ రోజు సాయంత్రమే ప్రారంభోత్సవం, ఫొటోగ్రాఫర్లు వస్తున్నారు. భోజనాలయ్యాక మొదలుపెట్టి నాలుగింటి టీకల్లా మొత్తం ముగించేశారట.

"రెండు వందలూ?"

"రెండు వందలూ. అంత చురుకైన మనుషుల్ని నేను చూళ్ళేదమ్మా."

"ప్లగ్గులు ఈ రెండేనా? పక్క గదిలోంచి వైరేమైనా లాగారా?"

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన స్టోరులో వైర్లు వేలాడదీస్తే నిప్పంటుకోదా, తను ఉండగా అలాంటివి జరగవు అన్నాడు. వదిన ఎంతో మర్యాదగా తల ఊపి, పెట్టె విప్పని కొత్త ట్యాబ్లెట్ ఒకటి ఇప్పించమంది. మూడు చోట్ల సంతకాలు పెట్టించుకుని ఇచ్చాడు.

ఆవిడ దాన్ని ప్లగ్గుకు తగిలించి ఆన్ చేసింది. 'కొత్త పరికరం. చిప్పు తన రహస్యాన్ని తయారుచేసుకుంటోంది. ఛార్జరు తీయవద్దు' అని తెర మీద వచ్చింది. వదిన చేయవద్దన్న పనే చేసింది. తెర ఆగిపోయింది. మళ్ళీ తగిలిస్తే మళ్ళీ మొదటినుంచీ మొదలు. ఇక కూర్చున్నాం. నేను టీ తాగాను. గోడ మీది అగ్నిప్రమాద సూచనలు రెండుసార్లు చదివాను. స్టోరుకీపరు తన మోకాళ్ళ నొప్పి పుట్టు పూర్వోత్తరాలన్నీ చెప్పాడు. అప్పటికి గాని తెర మీద 'సిద్ధం, కవచంలో చేరింది' అని రాలేదు.

"పావుగంట," అంది వదిన లేస్తూ. "ఒక్కోదానికి పావుగంట, రెండే ప్లగ్గులు, రెండు వందల ట్యాబ్లెట్లు. తిండీ నిద్రా మానేసి చేసినా రోజు దాటుతుంది లాయరూ. వాళ్ళు భోజనానికీ టీకీ మధ్య ముగించారు."

"అంటే?"

"అంటే ఆ చిప్పులు తమ రహస్యాలు తాము తయారుచేసుకోలేదు. ఎవరో బయట కంప్యూటర్లో గబగబా వండి, తెచ్చి పోశారు. పోసినవాడి దగ్గర గిన్నె ఉంటుంది కదా."

నాకు సగం అర్థమైంది, మిగతా సగం అర్థమైనట్టు ముఖం పెట్టాను. ఆవిడ ట్యాబ్లెట్ తిప్పి వెనక వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత ఎందుకో నా బ్యాగు వైపు చూసింది. పక్కకు వెళ్ళి మా అన్నయ్యకు ఫోన్ చేసింది. "నువ్వే వెళ్ళి తీసుకురా, భోజనం పెట్టు... ఖాళీగా ఎందుకూ, నీ ప్యాంటు కుట్టు ఊడింది కదా" లాంటి ముక్కలు చెవిన పడ్డాయి. ఒక మనిషి బతుకు సాయంత్రానికి తేలిపోతుంటే ఈవిడకు మొగుడి ప్యాంటు గుర్తొచ్చిందని నవ్వుకున్నాను. ఆ నవ్వు సాయంత్రానికి నాకే చేదైంది.

కారిడార్లో కవచం సారు ఎదురొచ్చాడు. కంపెనీ యజమానిని అందరూ అలాగే పిలుస్తారు, మాట ముందొకసారి వెనకొకసారి కవచం అంటాడు కాబట్టి. ఆయన, వదిన ఒకప్పుడు ఒకే కంపెనీలో పక్కపక్క బల్లల మీద పనిచేశారు. ఒకరు తాళాలు అమ్మడానికి, ఒకరు దొంగల్ని పట్టడానికి బయటికొచ్చారు. ఆయన నా వైపు చూడకుండా, ఇంకా ఇలాంటి చిల్లర కేసులే చూస్తున్నావా అని వదినను పలకరించాడు. తన దగ్గర చేరి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేదానివన్నాడు.

"ఎక్కడో ఎందుకు, మూడింటికి నీ పక్కన నిలబడి ఉండేదాన్ని," అంది వదిన. "అది సరే గాని, గీత చూసి చెవి పేరు చెప్పలేమని మనిద్దరం పక్కపక్కనే కూర్చుని నేర్చుకున్నాం. నువ్వెలా చెప్పావు?"

"చెవి గొడవ ఎందుకు? భాష చూశాం. ఎవరి రాత వాళ్ళదే. వాక్యాల పొడుగు, వాడే మాటలు, పంపే వేళ, అన్నీ మా సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. ఆ నర్సే. నూటికి తొంభై తొమ్మిది."

"మిగతా ఒకటి?"

"అది నా వినయం," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. వదిన మాత్రం పండగ చేసుకునేలా ఉంది. "భాష అన్నాడు, విన్నావుగా," అని రెండుసార్లు అడిగింది. విన్నానని రెండుసార్లు చెప్పాను.

మూడింటికి విచారణ గదిలో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఒకరు డైరెక్టరు, కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండో ఆయన పెద్ద సర్జన్, తలెత్తి ఎవరినీ చూడడు. నర్సు బల్లకు ఈ చివర నిటారుగా కూర్చుంది. అత్తగారు బయట బెంచీ మీద, ఒళ్ళో సంచీతో. తన ప్రవేశం అందరూ చూడాలి కాబట్టి కవచం సారు కావాలనే ఆలస్యం చేశాడు.

ఆ ఆలస్యమే మాకు అక్కరకొచ్చింది. వదిన లేచి పెద్దలిద్దరినీ ఒక చిన్న సాయం అడిగింది. ఎవరి ట్యాబ్లెట్‌లోంచి వాళ్ళు కవచానికి ఒక రిపోర్టు పంపాలి. మాటలొద్దు, అక్షరం కూడా వద్దు, ఒక్క చుక్క పెట్టి పంపితే చాలు. దేనికని డైరెక్టరు విసుక్కున్నాడు. పేరు బయటపడదని మీరే హామీ ఇచ్చారు కదా, భయమెందుకని ఆవిడ అడిగింది. భయం అనే మాట ఆయనకు గిట్టదు, వెంటనే పంపేశాడు. సర్జన్ కాస్త తటపటాయించి పంపాడు. వదిన కూడా తన బ్యాగులో చెయ్యి పెట్టి ఏదో నొక్కింది.

తర్వాత డైరెక్టరు నర్సు వైపు తిరిగి, రిపోర్టు పంపింది నువ్వా కాదా, ఒక్క మాటలో చెప్పమన్నాడు.

"చెప్పను సార్," అంది నర్సు. గొంతు సన్నగా ఉంది గాని వణకలేదు. "అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. ఇవాళ నేను కాదంటే రేపు ఇంకొకరిని అడుగుతారు. పంపనివాళ్ళందరూ కాదని చెప్పేస్తే, చివరికి మిగిలినవాళ్ళు దొరికిపోతారు. అప్పుడు ఫ్రిజ్ పాడైనా ఎవరూ చెప్పరు."

నేను కోర్టుల్లో చాలా వాదనలు విన్నాను, కొన్ని నేనూ చేశాను. అంత మంచి వాదన నా నోట ఎప్పుడూ రాలేదు. డైరెక్టరు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

అప్పుడు కవచం సారు వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి, గోడ మీది పెద్ద తెరకు కలిపి, భాష గురించి తియ్యగా ఉపన్యాసం ఇచ్చాడు. నర్సు పేరు ఎర్రటి అక్షరాలతో తెర మీద వెలిగింది. ఆ అమ్మాయి ఒక్కసారి కళ్ళు మూసుకుంది. నేను అభ్యంతరం చెప్పడానికి లేవబోతే వదిన నా కోటు పట్టి కూర్చోబెట్టింది.

"చాలా బాగుంది," అంది ఆవిడ. "ఇందాక కవచానికి మూడు కొత్త రిపోర్టులొచ్చాయి. అవి ఎవరివో కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌తో ఇక్కడే చెప్పండి. చెబితే మా తరఫున వాదన లేదు, వెళ్ళిపోతాం."

ఆయన ఆ మూడూ తెరిచాడు. ఒకదాంట్లో చుక్క. రెండోదాంట్లో చుక్క. మూడోదాంట్లోనూ చుక్కే.

ఆ క్షణం ఆయన ముఖం చూడాలి. తెలివైనవాడు, రెండు వైపులా గొయ్యి ఉందని వెంటనే తెలిసిపోయింది. చెప్పలేనంటే నర్సు మీది సాక్ష్యం గాలికి పోతుంది. చెబితే, చుక్కలో భాష ఎక్కడుందని అడుగుతారు. ఇంత చిన్న నమూనా చాలదని నసిగాడు. డైరెక్టరు ఊరుకోలేదు. తొంభై తొమ్మిది అన్నారు కదా, ఈ మూడింటి సంగతి తేలకపోతే వచ్చే ఏడాది కవచం మనకెందుకు అన్నాడు. ఆ మాటతో కవచం సారు నొక్కేశాడు. మీటల మీద వేలు పడ్డాక గర్వం మిగతాది చూసుకుంది.

మొదటి చుక్క పక్కన డైరెక్టరు పేరు వచ్చింది. డైరెక్టరు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆపేశాడు.

రెండో చుక్క పక్కన పెద్ద సర్జన్ పేరు వచ్చింది. అంతవరకూ తలెత్తని సర్జన్ ఇప్పుడు తలెత్తాడు. "ఆ ల్యాప్‌టాప్ మూసేయండి," అన్నాడు. డైరెక్టరు మెల్లగా ఆయన వైపు తిరిగి, పోయిన ఏడాది తన మీద ఎవరో పంపిన రిపోర్టు సంగతి ఎత్తబోయాడు. సర్జన్ కిటికీ వైపు తిరిగిపోయాడు. డైరెక్టరు కూడా ఎందుకో ఆ మాట అక్కడే మింగేశాడు. ఆయన పంపిన రిపోర్టులు కూడా ఏవో ఉండే ఉంటాయి.

మూడో చుక్క దగ్గర సాఫ్ట్‌వేర్ తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. చివరికి 'సరిపోలలేదు' అని వచ్చింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

వదిన బ్యాగులోంచి పొద్దున స్టోరులో తీసుకున్న ట్యాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"మూడో చుక్క దీనిది, నేనే పంపాను. చెప్పాను కాబట్టి మీకు తెలిసింది, లేకపోతే లోకంలో ఎవరూ చెప్పలేరు. ఉత్త గీత చూసి చెవి పేరు చెప్పాలంటే ఒకటే దారి. ఆ చెవికి నకలు చేతిలో ఉండాలి. ఈయన దగ్గర రెండు వందల చెవులకూ నకళ్ళున్నాయి. ఒక్కొక్కటే గీతలో పెట్టి చూశాడు, మీదీ సరిపోయింది, సర్జన్ గారిదీ సరిపోయింది, ఈ అమ్మాయిదీ సరిపోయింది. ఈ ట్యాబ్లెట్ మాత్రం ఇవాళ పొద్దున నా కళ్ళ ముందు పావుగంట కూర్చుని తన రహస్యం తానే తయారుచేసుకుంది. దానికి నకలు ఈయన దగ్గర లేదు, నా దగ్గరా లేదు. లెక్కల్లో తప్పు లేదు సార్. చేయాల్సినట్టు చేస్తే కవచం నిజంగా కవచమే."

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు కాబట్టి లేచాను.

"అయ్యా, నకలు తాళంచెవి ఉన్నవాడు గీతలు పోల్చడమే కాదు, తలుపు కూడా తీయగలడు. నర్సు చెవితో, మీ చెవితో, ఎవరి చెవితోనైనా సరే, ఏ రిపోర్టైనా పంపగలడు. అది అచ్చం వాళ్ళు పంపినట్టే ఉంటుంది. అలాంటప్పుడు ఫలానా రిపోర్టు ఫలానా మనిషిదని ఈయన చెప్పే సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలవదు."

"అంటే ఆ రిపోర్టు నేనే పంపానంటారా?" అన్నాడు కవచం సారు. ఆయన గొంతులో వినయం మొదటిసారి వినిపించింది.

"అనడం లేదు," అంది వదిన. "పంపలేదని నువ్వు నిరూపించుకోలేవు అంటున్నాను. ఆ అమ్మాయిది ఇన్నాళ్ళూ అదే పరిస్థితి."

నాకు బల్ల ఎక్కి చప్పట్లు కొట్టాలనిపించింది. నల్లకోటు గుర్తొచ్చి ఆగాను. డైరెక్టరు ముఖం కందగడ్డలా అయింది. నర్సు పేరు బయటపడ్డప్పుడు ఆయనకు లేని బాధ తన పేరు బయటపడేసరికి పొంగుకొచ్చింది. అందుకు ఆయన మీద నాకు జాలేమీ కలగలేదు. ఐదు నిమిషాల్లో విచారణ రద్దయింది, నర్సు మీద ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకాలయ్యాయి. ట్యాబ్లెట్లన్నీ వెనక్కి తెప్పించి, వదిన ఎదుటే ఒక్కోదానికీ కొత్త రహస్యం తయారుచేయించాలని తీర్మానించారు. పోలీసులకు ఫోన్ కూడా డైరెక్టరే చేశాడు.

నేను తలుపు తీసి సంగతి చెప్పాను. పెద్దావిడ లేచి నిలబడింది. కోడలు బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గాని ఒక్క మాటా అడగలేదు, చెప్పలేదు.

"రేపు డ్యూటీ ఎన్నింటికి?" అంది అత్తగారు చివరికి.

"పొద్దున ఆరింటికి అత్తయ్యా."

"అయితే పద. తొందరగా తిని పడుకోవాలి."

వాళ్ళు మెట్లు దిగుతుంటే నర్సు ఒక్కసారి వెనక్కి తిరిగి వదినకు చేతులు జోడించింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతకీ ఆ రిపోర్టు పంపింది ఆ అమ్మాయేనా అని వదినను గుసగుసగా అడిగాను.

"నాకు తెలీదు. అడగలేదు. అడిగి తెలుసుకుంటే నా దగ్గరా ఒక నకలున్నట్టే కదా."

గదిలోకి తిరిగొచ్చేసరికి కవచం సారు గాలి తీసిన బంతిలా కూర్చుని ఉన్నాడు. ప్రారంభోత్సవానికి ఫొటోలు సాయంత్రమే కావాలని డైరెక్టరు తొందరపెట్టాడని, అందుకే అడ్డదారి తొక్కానని చెప్పుకున్నాడు. నకళ్ళున్న ఫైలు అప్పుడే చెరిపేద్దామనుకున్నాడట. ఎందుకైనా పనికొస్తుందని ఉంచాడట. వదిన ఆయన ఎదురుగా కూర్చుని, ఇంకెక్కడెక్కడ ఇలాగే పోశావని అడిగింది. ఆవిడ నా బ్యాగులోంచి కోర్టు ట్యాబ్లెట్ తీసి, బోర్లా తిప్పి, స్టోరు ట్యాబ్లెట్ పక్కన పెట్టింది. రెండింటి వెనకా ఒకే పసుపు స్టిక్కరు, దాని మీద ఒకే డాలు బొమ్మ.

ఆ డాలు బొమ్మను నేను నెల రోజులుగా రోజూ చూస్తున్నాను.

"కోర్టు చెవుల ఫైలు ఎవరికిచ్చావు?" అంది వదిన.

"అందరివీ అడగలేదు," అన్నాడు ఆయన నేల చూస్తూ. "పోయిన వారం ఒకాయన వచ్చి ఒక్క సాక్షి చెవి కావాలన్నాడు. గోడౌను కేసు. ఎవరిదో తెలియదు కాబట్టి మొత్తం ఇచ్చాను."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. టైలరు తన కొట్టు వెనక గదిలో ఒంటరిగా ఉంటాడు. నన్ను నమ్మి, పేరు బయటికి రాదన్న నా మాట నమ్మి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోమంది.

"పొద్దున స్టిక్కరు చూడగానే మీ అన్నయ్యను పంపాను. మీ టైలరు మా ఇంట్లో భోజనం చేసి, ఆయన ప్యాంటు కుడుతున్నాడు."

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. వదిన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది, అన్నయ్య. ఆయన ఇంట్లో గడియారాలు బాగుచేస్తూ ఉంటాడు, లోకం కూలినా గొంతు పెంచడు. మేమిద్దరం వినేలా వదిన ఫోన్ బల్ల మీద పెట్టింది.

"ఎవరో ఇద్దరొచ్చారు. కవచం కంపెనీ నుంచట," అన్నాడు అన్నయ్య. "టైలరు గారి ట్యాబ్లెట్ సర్వీసు చేయాలట. తలుపు తీయనా?"

వదిన ముఖంలో రంగు మారింది. "అతను ట్యాబ్లెట్ వెంట తెచ్చుకున్నాడా?"

"ఆ. వచ్చాక క్షేమంగా ఉన్నానని రోజూలాగే పంపాడు."

"పప్పులో కాలేశాను," అంది వదిన నాతో. "దాన్ని అక్కడే వదిలి రమ్మని చెప్పడం మర్చిపోయాను. సందేశం ఏ ఇంటినుంచి వచ్చిందో నెట్‌లో తెలిసిపోతుంది, ఎవరిదో మాత్రం తెలియకూడదు. చెవి ఉంటే అదీ తెలుస్తుంది. రోజూ టైలరు కొట్టులోంచి పంపే చెవే ఇవాళ మా ఇంట్లోంచి పంపిందని చూసుకుంటారు." తర్వాత నేను పొద్దున్నించీ చూస్తున్న ఆ వెలుగు మళ్ళీ ఆవిడ కళ్ళలోకి వచ్చింది. "ఆ ఇంట్లో టైలరు ఉన్నాడని మనకు తెలుసు. మనం కాక తెలిసినవాడంటే, ఆ చెవి కొన్నవాడే. మూడో చుక్కను ఎవరూ పట్టుకోలేకపోయారు. వీళ్ళు మాత్రం వాళ్ళంతట వాళ్ళే నడిచొచ్చి మన గుమ్మంలో నిలబడ్డారు లాయరూ."

ఫోన్ దగ్గరకు వంగి, "తలుపు తీయకు. నేను వేయించిన ఇనప తలుపు, కాసేపు ఆగుతుంది," అంది. "వాళ్ళను మాటల్లో పెట్టు. నీ గడియారాల గురించి చెప్పు."

"నిజంగానా?" అన్నాడు అన్నయ్య ఆశగా. పెళ్ళయ్యాక ఆ మాట ఆయన ఎప్పుడూ విని ఉండడు.

కింద పోలీసు జీపు వచ్చి ఆగింది. కవచం సారు కోసం వచ్చిన జీపు. అందులోంచి దిగిన ఇన్‌స్పెక్టరుకు మెట్ల మీదే సంగతి చెప్పి, ఒక కానిస్టేబుల్‌ను కవచం సారు దగ్గర వదిలి, ఇన్‌స్పెక్టరుతో పాటు మేమిద్దరం అదే జీపు ఎక్కాం. వదిన ఒళ్ళో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. తలుపుకు ఇవతల నిలబడి, గోడ గడియారంలో లోలకం ఎందుకు కావాలో అన్నయ్య ఎంతో ఓపికగా వివరిస్తున్నాడు. అవతలివాళ్ళు ఒకసారి దగ్గారు, ఒకసారి గొణిగారు. టైలరు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

అన్నయ్య లోలకం ముగించి స్ప్రింగు దగ్గరకు వచ్చేసరికి, ఇనప తలుపు మీద మొదటి దెబ్బ పడింది.